పరుపు కింద పెట్టిన డబ్బు

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

రెండు నెలల కిందట ఈ శీర్షికలో ఖాలెద్ హొస్సేనీ నవల ‘ద కైట్ రన్నర్’ చదవమని కోరాను. 2005లో ఒక పాత విద్యార్థిని తెచ్చి ఇచ్చిన ప్రతి నా దగ్గర ఇంకా ఉంది. అట్ట ఊడిపోతే గోధుమరంగు కాగితంతో మళ్లీ వేసుకున్నాను. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా కథ గురించి మొదలై సొంత ఇంటి సంగతుల్లోకి వెళ్లిపోయాయి. వాటిలో ఆరింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను. చివరి ఉత్తరం రాసినవారు పేరూ ఊరూ వేయవద్దన్నారు, వేయడం లేదు.

ప్రశ్న: అమ్మా, నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. పుస్తకం ఇంకా దొరకలేదు. కథ క్లుప్తంగా చెబుతారా? ఇది రచయిత సొంత కథేనా?
– ఒక విద్యార్థి, కర్నూలు

జవాబు: కథ అఫ్గానిస్తాన్ రాజధాని కాబూల్‌లో మొదలవుతుంది బాబూ. అమీర్ ధనవంతుడి కొడుకు, అక్కడ పైచేయిగా ఉన్న పష్తూన్ జాతివాడు. హసన్ ఆ ఇంటి నౌకరు అలీ కొడుకు, చిన్నచూపుకు గురైన హజారా జాతివాడు. ఇద్దరూ ఒకే దాది పాలు తాగారు, కలిసి పెరిగారు. 1975 చలికాలంలో జరిగిన గాలిపటాల పోటీలో అమీర్ గెలుస్తాడు. తెగి ఎగిరిపోయిన చివరి నీలి గాలిపటాన్ని అమీర్ కోసం తేవడానికి హసన్ పరుగెత్తుతాడు. దాన్ని ఇవ్వనన్నందుకు అసెఫ్ అనే కుర్రవాడు ఒక సందులో అతనిపై లైంగిక దాడి చేస్తాడు. సందు మొదట్లో నిలబడి అమీర్ అంతా చూస్తాడు. కేక వేయడు, వెనక్కి పరుగెత్తుతాడు. కొన్ని నెలలకు హసన్ మీద దొంగతనం మోపి ఇంట్లోంచి వెళ్లిపోయేలా చేస్తాడు. సోవియట్ సైన్యం వచ్చాక అమీర్, అతని తండ్రి బాబా దేశం విడిచి కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ చేరతారు. 2001లో పెషావర్ నుంచి తండ్రి స్నేహితుడు రహీమ్ ఖాన్ ఫోన్ చేస్తాడు. హసన్‌ను తాలిబన్లు చంపేశారు, అతని కొడుకు సొహ్రాబ్ కాబూల్‌లో అనాథగా ఉన్నాడు. ఆ పిల్లవాడి కోసం అమీర్ వెనక్కి వెళ్తాడు.

హొస్సేనీ 1965లో కాబూల్‌లో పుట్టారు. తండ్రి దౌత్యాధికారి, తల్లి ఉపాధ్యాయిని. 1976లో కుటుంబం పారిస్ వెళ్లింది. ఇంతలో స్వదేశంలో ప్రభుత్వం కూలి, సోవియట్ సైన్యం దిగింది. 1980లో వాళ్లు అమెరికాలో ఆశ్రయం పొంది శాన్ హోసేలో స్థిరపడ్డారు. ఆయన వైద్యుడయ్యారు, ఆ ఉద్యోగం చేస్తూనే ఈ నవల రాశారు. 2003లో అచ్చయింది. ఆయన తిరిగి కాబూల్‌లో అడుగు పెట్టిందీ 2003లోనే, 27 ఏళ్ల తర్వాత. అంటే అమీర్ ఇంటికి తిరిగి వెళ్లే ఘట్టాలన్నీ తాను వెళ్లకముందే రాశారు. నాకు ఈ విషయం తెలిశాక ఆ అధ్యాయాలు మరోసారి చదివాను. ఇల్లు చిన్నదైపోయినట్టు, చెట్టు ఎండిపోయినట్టు, మనుషులు గుర్తుపట్టనట్టు – అందులో ఉన్నదంతా ఎన్నో ఏళ్లు రాత్రుళ్లు ఊహించుకున్న మనిషి బెంగలాగే అనిపించింది.

ప్రశ్న: అమీర్‌కు అప్పుడు పన్నెండేళ్లు. ఎదురుగా ముగ్గురు పెద్ద కుర్రవాళ్లు. భయపడి పారిపోయాడు. మా అబ్బాయికీ అదే వయసు. వాడైనా అదే చేసేవాడేమో. ఆ పసివాణ్ణి జీవితాంతం అంతగా కుమిలిపోయేలా చేయడం న్యాయమా?
– ఒక గృహిణి, గుంటూరు

జవాబు: మీ ప్రశ్నలోని తల్లి మనసు నాకు అర్థమైంది. సందులో జరిగినదానికి ఆ పిల్లవాణ్ణి నేనూ నిలదీయను. భయం ఎవరికైనా భయమే. కానీ కథ ఆ సందులో ఆగిపోలేదు కదమ్మా.

తర్వాతి నెలలు చూడండి. హసన్ ఎప్పటిలాగే తెల్లవారకముందే లేచి, అమీర్ బట్టలు ఇస్త్రీ చేసి, ఫలహారం బల్ల మీద పెడుతున్నాడు. అమీర్ గదిలోంచి బయటికి రావడం మానేశాడు. ఒకరోజు ఇద్దరూ కొండ మీది దానిమ్మ చెట్టు దగ్గరికి వెళ్తారు. ఆ చెట్టు మీద తామిద్దరం కాబూల్ సుల్తానులమని ఒకప్పుడు వంటింటి కత్తితో చెక్కుకున్నారు. అక్కడ అమీర్ దానిమ్మపండ్లు తీసి హసన్‌ను కొడతాడు. నన్నూ కొట్టు, కొట్టు అని అరుస్తాడు. హసన్ చొక్కా అంతా ఎర్రగా తడిసిపోతుంది. చివరికి హసన్ ఒక పండు తీసి, తన నుదుటి మీదే చిదుపుకుని, ఇప్పుడు నీకు హాయిగా ఉందా అని అడిగి కొండ దిగి వెళ్లిపోతాడు. అమీర్‌కు కావలసింది శిక్ష. అది దొరకలేదు. దొరకనందుకు హసన్ మీదే కోపం పెరిగింది.

ఆ తర్వాతే పుట్టినరోజు కానుకగా వచ్చిన చేతి గడియారాన్నీ కొంత డబ్బునూ హసన్ పరుపు కింద పెట్టాడు. బాబా పిలిచి అడిగితే హసన్ ‘అవును’ అన్నాడు, ఒకే మాట. ఆ క్షణంలో అమీర్‌కు తెలుస్తుంది – సందులో తాను నిలబడి చూసిన సంగతి హసన్‌కు మొదటినుంచీ తెలుసు. తెలిసే, ఇప్పుడు మళ్లీ తనను కాపాడుతున్నాడు.

నేను నేరమని అనేది దీన్ని. పిరికితనం ఒక్క నిమిషం పని. అన్యాయానికి గురైనవాడి ముఖం రోజూ ఎదురుపడుతుంటే తట్టుకోలేక, వాణ్ణే కళ్లముందు లేకుండా చేసుకోవడం ఆలోచించి చేసిన పని. రెండోది ఎలా ఉంటుందో నాకు తెలుసు.

నేను కాలేజీలో ఇంగ్లిషు చెప్పేదాన్ని. 1991లో మా గ్రంథాలయంలో రెండు సంపుటాల పెద్ద నిఘంటువు మాయమైంది. దాన్ని తీసుకెళ్లిందెవరో నేను చూశాను. సాయంత్రం స్టాండు దగ్గర మా శాఖాధిపతి ఆ రెండు సంపుటాలనూ స్కూటరు డిక్కీలో సర్దుతుంటే పక్కనుంచే వెళ్లాను. విచారణలో నెపం అటెండరు మీద పడింది. జీతంలోంచి నెలనెలా కోత పెట్టారు. నేను నోరు విప్పలేదు. ఉద్యోగంలో కొత్త, ఆయన నా పై అధికారి, ఇంట్లో రెండేళ్ల పాప. అక్కడివరకూ మీరు అమీర్‌ను క్షమించినట్టు నన్నూ క్షమించగలరేమో. కానీ ఆ తర్వాత ఏడాదిపాటు నేను గ్రంథాలయానికి వెళ్లడం మానేశాను. వరండాలో ఆ అటెండరు ఎదురొస్తుంటే పక్క తరగతి గదిలోకి తిరిగేదాన్ని. ఆయన నమస్కారం పెడితే చిరాకు వేసేది. మరుసటి సంవత్సరం ఆయన ఉద్యోగం మానుకుని వెళ్లిపోయాడని విన్నప్పుడు నాకు మొదట కలిగింది బాధ కాదు. గుండెల మీదినుంచి బరువు దిగినట్టయింది. దానికే నేను ఇప్పటికీ సిగ్గుపడతాను.

హసన్, అలీ వెళ్లిపోయిన రోజు కాబూల్‌లో వాన కురుస్తుంటుంది. అమీర్ కిటికీ దగ్గర నిలబడి చూస్తుంటాడు. అద్దం మీద నీళ్లు జారుతుంటే కారు వెళ్లిపోతుంది. ఆ పేజీ దగ్గర నేను పుస్తకం మూసి పక్కన పెట్టాను. మళ్లీ తెరవడానికి వారం పట్టింది.

ప్రశ్న: మాది ఏలూరు. ప్రస్తుతం ఫ్రీమాంట్‌లో కొడుకు దగ్గర ఉన్నాను. ఇక్కడ సెంటర్‌విల్ అనే పేటలో అఫ్గాన్ దుకాణాలు, రొట్టెల బట్టీలు ఉన్నాయి. సాయంత్రాలు ఎలిజబెత్ చెరువు దగ్గర అఫ్గాన్ పెద్దలు కూర్చుని మాట్లాడుకుంటుంటారు. నేను నవ్వితే నవ్వుతారు, అంతే. నవల చదివాక వాళ్లను చూస్తే మనసు ఒకలా అవుతోంది. మాలాంటివాళ్లకు తిరుగు టికెట్టు ఉంటుంది. వాళ్ల బాధ గురించి నవల చెప్పింది నిజమేనా?
– ఒక విశ్రాంత ఉద్యోగి

జవాబు: మీరు చాలా అదృష్టవంతులు. నవల ముగిసేది ఆ చెరువు ఒడ్డునే. మీరు నడిచే గడ్డి మీదే అమీర్ చివరి పరుగు తీస్తాడు.

తిరుగు టికెట్టు అన్నారే, అసలు సంగతి అందులోనే ఉంది. బాబా కాబూల్‌లో అనాథాశ్రమం కట్టించిన మనిషి, పేరు చెబితే చాలు తలుపులు తెరుచుకునేవి. 1981లో రాత్రికి రాత్రి ఇల్లు వదిలాడు. దారిలో పెట్రోలు ట్యాంకరు ఎక్కబోయే ముందు, తన పొడుం డబ్బీ ఖాళీ చేసి, గుప్పెడు మట్టి అందులో పోసుకుని గుండె దగ్గరి జేబులో పెట్టుకున్నాడు. ఫ్రీమాంట్‌లో అదే మనిషి పెట్రోలు బంకులో రోజుకు పన్నెండు గంటలు పని చేశాడు.

నాకు ఈ నవలలో అన్నిటికంటే బాగా గుర్తుండిపోయిన ఘట్టం ఒక కిరాణా కొట్టులో జరుగుతుంది. న్యూయెన్ అనే వియత్నాం వృద్ధుడి కొట్టు అది. బాబా నారింజపండ్లు కొని చెక్కు రాస్తే, గుర్తింపు కార్డు చూపమంటాడు ఆయన. రెండేళ్లుగా ఇక్కడే కొంటున్నాను, నన్ను నమ్మవా అని బాబా కోపంతో ఊగిపోతాడు, పత్రికల అరను తన్నేస్తాడు. అమీర్ క్షమాపణ చెప్పి ఇంటికి తీసుకొస్తాడు. కాబూల్‌లో పద్ధతి వేరు. ఒక కర్ర పట్టుకుని రొట్టెల బట్టీకి వెళ్లేవాళ్లు. ఎన్ని రొట్టెలు తీసుకుంటే కర్ర మీద అన్ని గాట్లు. నెలాఖరుకు ఆ గాట్లు లెక్కపెట్టి డబ్బు ఇచ్చేవారు. కార్డూ సంతకమూ అక్కర్లేదు. మన చిన్నప్పుడు శెట్టిగారి కొట్టులో పద్దు రాయించుకుని సరుకులు తెచ్చుకున్న మీకు నేను విడమరచి చెప్పాలా? ఆ పద్దు మనిషి మీద ఉన్న నమ్మకం. బాబా పోగొట్టుకున్నది ఇల్లూ తోటా మాత్రమే అయితే ఆ పత్రికలను తన్నేవాడు కాడు. నువ్వు ఎవరో రుజువు చూపించు అని అడగని ఊరు పోయింది.

ఆదివారాలు శాన్ హోసే పాత సామాన్ల సంతలో అఫ్గాన్లకు ఒక వరుసే ఉంటుంది. ఒకప్పటి రాయబారులు, శస్త్రవైద్యులు, ఆచార్యులు వాడేసిన కుట్టుమిషన్లు, పాత బొమ్మలు అమ్ముతుంటారు. టీ పోసుకుని కాబూల్ రాజకీయాలు మాట్లాడుకుంటారు. అమీర్‌కు కాబోయే మామ జనరల్ తాహెరీ మాత్రం ఏ ఉద్యోగమూ తన హోదాకు తగదని చేయడు. దేశం పిలుస్తుందని సూటు ఇస్త్రీ చేయించుకుని ఎదురుచూస్తుంటాడు. బాబా అందుకు పూర్తిగా వ్యతిరేకం. ప్రభుత్వం ఇచ్చే ఆహార కూపన్లను ఆఫీసు బల్ల మీద పెట్టేసి వచ్చాడు, ఉచితంగా వచ్చేది వద్దని.

ఒకే దేశంలో, ఒకే చిన్న ఇంట్లో తండ్రీ కొడుకుల ప్రవాసం వేరువేరుగా సాగుతుంది. తండ్రి అక్కడ పోయినదాని కోసం ఏడుస్తుంటాడు. కొడుక్కు మాత్రం అమెరికా తనను ఎవరూ ఎరగని చోటు, పాత సంగతులు పాతిపెట్టడానికి అనువైన చోటు. ఆ సందు అక్కడ లేదు, దానిమ్మ చెట్టు లేదు, హసన్ లేడు. ప్రవాసం శిక్ష అని మనం అనుకుంటాం. అమీర్‌కు అది దాక్కునే చోటు. అతని ఊరట చూస్తే నాకు భయం వేసింది, ఎందుకంటే అది ఇరవై ఏళ్లు నిలిచింది.

ఆ పెద్దలతో మాట కలపాలని ఉంటే దేశం గురించీ యుద్ధం గురించీ అడగకండి. మీరు గాలిపటాలు ఎగరేశారా అని అడగండి. వాళ్లు ఎంతసేపు మాట్లాడతారో చూడండి. ఆ వయసు మగవాళ్లలో చాలామంది ఎగరేసే ఉంటారు.

ప్రశ్న: కాబూల్ గాలిపటాల పోటీ మన హైదరాబాద్ పతంగుల పోటీ లాంటిదేనా? వాళ్లకూ మాంజా ఉంటుందా?
– ఒక పాఠకుడు, మొఘల్‌పురా, హైదరాబాద్

జవాబు: అదే ఆట. గాజుపొడి పట్టించిన దారాన్ని వాళ్లు ‘తార్’ అంటారు. గాజు నూరి, జిగురులో కలిపి, దారానికి పూసి, చెట్ల మధ్య కట్టి ఆరబెడతారు. చలికాలమంతా ఆ పిల్లల వేళ్ల మీద గాట్లే. మీ వేళ్ల మీదా ఉంటాయిగా? పోటీ ముదిరితే జనం ‘బోబొరేష్’ అని అరుస్తారు, కోసెయ్ అని. మనకు సంక్రాంతి అయితే వాళ్లకు బడులు మూసేసే మంచు రోజులు. ఒక్క తేడా – తెగిన చివరి గాలిపటం పట్టుకున్నవాడికి గెలిచినవాడితో సమానంగా గౌరవం. తాలిబన్లు 1996లో కాబూల్‌ను పట్టుకున్నాక గాలిపటాలను నిషేధించారు. ఆ వార్త 1999లో హొస్సేనీ చెవిన పడింది. అప్పుడు రాసుకున్న చిన్న కథే ఈ నవలకు మొదలు.

ప్రశ్న: హసన్ పాత్ర మరీ సాత్వికంగా ఉంది. హజారా మనిషి దెబ్బలు తింటాడు, నవ్వుతాడు, చచ్చిపోతాడు. పష్తూన్ మనిషి బాధపడి మంచివాడవుతాడు. అణగారినవాడి చావును పైవాడి పాపప్రక్షాళనకు వాడుకున్నట్టు లేదా?
– ఒక పరిశోధక విద్యార్థిని, వరంగల్

జవాబు: ఉంది. ఈ మాట అడిగినందుకు సంతోషించాను. హజారాల చరిత్ర తెలిసినవాళ్లకు ఈ ప్రశ్న మరీ గట్టిగా తగులుతుంది. 1890లలో అఫ్గాన్ పాలకుడు అబ్దుర్ రహమాన్ ఖాన్ సైన్యాలు వాళ్ల భూములు లాక్కున్నాయి, వేలమందిని చంపాయి, బానిసలుగా అమ్మాయి. 1998 ఆగస్టులో మజారె షరీఫ్‌లో తాలిబన్లు ఇంటింటికీ వెళ్లి హజారాలను చంపారు. నవలలో ఈ చరిత్రను అమీర్ తన తల్లి పుస్తకాల్లో దొరికిన ఒకే ఒక అధ్యాయంలో చదువుతాడు. బడి పుస్తకాల్లో మాత్రం హజారాల గురించి పైపై ప్రస్తావనే ఉంటుంది. ఆ పైపై ప్రస్తావన గురించి మీరు ఒక వ్యాసమే రాయవచ్చు.

నాకు నచ్చనివి రెండున్నాయి. హసన్ నిజానికి బాబా కొడుకేనని, అమీర్‌కు సవతి తమ్ముడని రహీమ్ ఖాన్ బయటపెట్టడం ఒకటి. అక్కడినుంచి సొహ్రాబ్‌ను తేవడం రక్తసంబంధం బాకీ అవుతుంది. హసన్ ఒట్టి నౌకరు కొడుకుగానే ఉండిపోయి ఉంటే, అప్పుడూ అమీర్ కాబూల్ వెళ్లేవాడా? ఆ ప్రశ్నను రచయిత వదిలేశారని నా ఫిర్యాదు. చిన్ననాటి శత్రువు అసెఫ్ మళ్లీ తాలిబన్ నాయకుడుగా ఎదురవడం రెండోది. అది సినిమా కలయికలా ఉంది.

అయినా ఒక్క చోట హసన్‌కు సొంత గొంతు దొరికింది. పెద్దయ్యాక చదవడం, రాయడం నేర్చుకుని అమీర్‌కు ఉత్తరం రాస్తాడు. చిన్నప్పుడు అతనికి చదువు రాదని అమీర్ వెక్కిరించేవాడు, పెద్ద మాటలకు తప్పుడు అర్థాలు చెప్పి నవ్వుకునేవాడు. ఆ మనిషి తప్పుల్లేకుండా రాసిన ఉత్తరం అది. అమీర్ చేతికి అందేసరికి రాసినవాడు లేడు. ఇంకొక సంగతి. 2007లో దీన్ని సినిమాగా తీసినప్పుడు, ఆ సందు దృశ్యం వల్ల కాబూల్ బాలనటులకు ప్రమాదం వస్తుందని, విడుదలకు ముందే వాళ్లను యుఏఈకి తరలించారు. కథలోని పిల్లలకు పట్టిన ప్రవాసం కథ ఆడిన పిల్లలకూ పట్టింది.

ప్రశ్న: మేడమ్ గారూ, నాకు 61 ఏళ్లు. పదమూడో ఏట మా నాన్నగారి చొక్కా జేబులోంచి వంద రూపాయలు తీశాను. నెపం మా పాలేరు కొడుకు మీద పడింది. నా ఈడువాడే, నాతో చెరువులో ఈత కొట్టేవాడు. చావిడి దగ్గర వాళ్ల నాన్న మా నాన్నగారి కాళ్లు పట్టుకుని బతిమాలుతుంటే నేను అరుగు మీద కూర్చుని చూశాను. వారం తిరగకుండా వాళ్లు ఊరు విడిచి వెళ్లిపోయారు. నాలుగేళ్ల కిందట అతను చనిపోయాడని తెలిసింది. అతని కూతురు పట్నంలో నర్సింగు చదువుతోందట. ఎవరు కట్టారో తెలియకుండా ఆ అమ్మాయి ఫీజు కట్టాలని ఉంది. ఈ నవల చదివాక నిద్ర పట్టడం లేదు. ఇది సరిపోతుందా?
– పేరు వద్దు

జవాబు: అయ్యా, మీ ఉత్తరం నాలుగు రోజులు బల్ల మీదే ఉంచుకున్నాను.

ఫీజు కట్టండి. ఆలస్యం చేయకండి. కానీ తెలియకుండా కట్టే విషయంలో నాకు అభ్యంతరం ఉంది. మీరు నవల చదివారు కాబట్టి అందులోంచే చెబుతాను.

బాబా ఏం చేశాడు? హసన్ పుట్టినరోజుకు ఢిల్లీ నుంచి డాక్టర్ కుమార్ అనే శస్త్రవైద్యుణ్ణి పిలిపించి అతని చీలిన పెదవి బాగు చేయించాడు. అనాథాశ్రమం కట్టాడు, అడిగినవాడికల్లా సాయం చేశాడు. ఆ మంచితనమంతా అపరాధ భావంలోంచే పుట్టిందని రహీమ్ ఖాన్ రాస్తాడు, అదే నిజమైన విముక్తి అని మెచ్చుకుంటాడు. రహీమ్ ఖాన్ మాటను నేను సగమే ఒప్పుకుంటాను. ఆ ఆశ్రమంలో పిల్లలు అన్నం తిన్నారు, అది నిజం. హసన్ మాత్రం తన తండ్రి ఎవరో తెలియకుండా చచ్చిపోయాడు. బాబా అతనికి అన్నీ ఇచ్చాడు, నిజం ఒక్కటి తప్ప. అబద్ధం చెప్పడమంటే ఎదుటివాడికి దక్కవలసిన నిజాన్ని దొంగిలించడమేనని కొడుక్కు నేర్పినవాడూ ఆ బాబాయే.

అమీర్ విషయానికి వస్తే, కాబూల్ వెళ్లే దారిలో అతను జలాలాబాద్‌లో వహీద్ అనే పేదవాడి ఇంట్లో ఒక రాత్రి ఉంటాడు. పిల్లలు తన గడియారం వైపే చూస్తున్నారనుకుని విప్పి చిన్నవాడికి ఇచ్చేస్తాడు. రాత్రి గోడ అవతలి మాటలు వింటే తెలుస్తుంది, వాళ్లు చూసింది తన కంచంలోని అన్నాన్ని. అతిథికి పెట్టాక పిల్లలకు మిగల్లేదు. తెల్లవారి ఎవరూ చూడనప్పుడు అమీర్ గుప్పెడు నోట్లు పరుపు కింద పెట్టి వెళ్తాడు. 26 ఏళ్ల కిందట ఒక పిల్లవాణ్ణి వెళ్లగొట్టడానికి పరుపు కింద పెట్టినవీ ఇవే – గడియారం, డబ్బు. నాకు చాలా ఇష్టమైన ఘట్టం ఇది. అయినా గమనించండి, ఆ డబ్బు వహీద్ పిల్లల ఆకలి తీర్చింది కానీ హసన్ పేరు మీది దొంగతనాన్ని తుడవలేదు. ఆ పని వేరే ఉంది. మీరు రహస్యంగా కట్టే ఫీజు పరుపు కింది నోట్ల వంటిదే.

మీ పాలేరు కుటుంబం మీద మచ్చ పడింది చావిడి దగ్గర, నలుగురి ముందు. ఆ నలుగురిలో ఇంకా బతికి ఉన్నవాళ్లు ఎవరో మీకు తెలుసు. ముందు వాళ్ల దగ్గరికి వెళ్లి, ఆ వంద తీసింది నేనని చెప్పండి. మీ నాన్నగారి పరువు, మీ పిల్లల ముందు మీ ముఖం – ఇవన్నీ అడ్డం వస్తాయి, రానివ్వండి. తర్వాత ఆ అమ్మాయికి ఉత్తరం రాయండి. తండ్రి చెరువులో ఎలా ఈదేవాడో కూడా రాయండి, ఆయన పదమూడేళ్లప్పటి ముచ్చట చెప్పేవాళ్లు ఆమెకు ఎవరున్నారు? ఫీజు సంగతి వేరే కాగితం మీద రాయండి, వద్దనే హక్కు ఆమెకు ఉండాలి. క్షమించమని మాత్రం అడగకండి. మీ నిద్ర సంగతి ఆ పిల్ల నెత్తిన పెట్టకూడదు. సొహ్రాబ్‌ను చూశారుగా. అమీర్ ప్రాణాలకు తెగించి తెచ్చినా, ఒక్కసారి మాట తప్పినందుకు ఆ పిల్లవాడు మణికట్టు కోసుకున్నాడు, ఆ తర్వాత నెలల తరబడి ఒక్క మాట మాట్లాడలేదు. చివర్లో చెరువు గట్టున దొరికింది పెదవి ఒక పక్క చిన్న నవ్వు. అంతకంటే ఎక్కువ అడిగే అర్హత అమీర్‌కు లేదు.

పైన ఒక జవాబులో మా అటెండరు గురించి రాశాను. మిగతాది మీకోసం దాచుకున్నాను. ఈ పుస్తకం చదివిన నెలకే, 2005లో, ఆయన ఉన్న ఊరు వెతుక్కుంటూ వెళ్లాను. కొడుకు జెరాక్స్ కొట్టు పెట్టుకున్నాడు. వెనక గదిలో నులక మంచం మీద కూర్చుని ఉన్నారు. స్టూలు లాగి నన్ను కూర్చోమన్నారు. దారంతా కూడబలుక్కున్న మాటలు ఒక్కటీ రాలేదు. ‘ఆ రోజు నేను చూశానండీ’ అని మాత్రం అన్నాను. ఆయన కాసేపు మోకాలు రాసుకుని, ‘మీరు చూశారని నాకు తెలుసమ్మా. అప్పుడు నేను సైకిలు తీస్తూ అక్కడే ఉన్నాను’ అన్నారు.

పద్నాలుగేళ్లు ఆయనకు తెలుసు. నమస్కారం పెట్టినప్పుడల్లా తెలుసు.

క్షమించానని ఆయన అనలేదు, నేను అడగలేదు. మా శాఖాధిపతి అప్పటికే పోయారు. నేను చూసినదంతా తేదీతో సహా రాసి, సంతకం చేసి, కాలేజీ యాజమాన్యానికి పంపాను. జవాబు రాలేదు. ఆ కాగితం నకలు తీసుకుని మళ్లీ ఆయన దగ్గరికి వెళ్లాను. కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. కొడుకును పిలిచి, ముందుగదిలోని మిషను మీద ఇంకో రెండు కాపీలు తీయించారు. ఒకటి పెద్దకూతురికి, ఒకటి చిన్నకూతురికి పంపాలట. ఇద్దరి అత్తవారిళ్ల చిరునామాలూ ఆయనే చెబితే, కవర్ల మీద నేను రాశాను.